కౌజుపిట్ట పిలుపు

తనవాళ్ళెవరూ లేని కొత్త అడవిలో ఒక కౌజుపిట్ట పిల్లల్ని పెంచుకుంటోంది. మేత దొరికినప్పుడు సన్నగా ఈలలా పిలిచేది. గడ్డిలో దాక్కున్న పిల్లలు ఆ పిలుపు వింటేనే బయటికి వచ్చేవి.

ఒక గోరువంక ఆ పిలుపు నేర్చుకుని చెట్టు చెట్టునా వినిపించింది.

"అందరికీ నచ్చింది పిన్నీ. నీకే మంచి పేరు," అంది.

విన్నవాళ్ళలో అడవిపిల్లి కూడా ఉంది. మర్నాడు అది గడ్డి పక్కన కూర్చుని అచ్చం అలాగే పిలిచింది. తల్లి సమయానికి అడ్డుపడింది కాబట్టి పిల్లలు దక్కాయి.

కౌజుపిట్ట న్యాయం చెప్పే తాబేలు దగ్గరికి పరుగెత్తి, గోరువంక తన పిలుపు దొంగిలించిందని మొరపెట్టుకుంది.

"దొంగతనమంటే వస్తువు పోవాలమ్మా. నీ పిలుపు నీ గొంతులోనే ఉందిగా," అంది తాబేలు.

"మరి పిల్లి సంగతి?"

"పిలవడం నేరం కాదు. పిల్ల పోయాక రా, వెంటనే విచారిస్తాను."

తల్లి తిరిగొచ్చి పిల్లల్ని దగ్గరికి తీసుకుంది.

"ఇకమీదట ఎవరు పిలిచినా రావద్దు. నేను పిలిచినా సరే. మేత నేనే తెచ్చి పెడతాను."

మర్నాడు వాటిని పరీక్షించాలని దూరం నుంచి పిలిచింది. ప్రాణమంతా పెట్టి మళ్ళీ పిలిచింది. గడ్డి కదలలేదు.

"బుద్ధిమంతులు," అనుకుంటూ చాలాసేపు అక్కడే ఒక్కతే నిలబడింది.