చల్లని నుదురు

"అత్తయ్యా, పిల్ల చల్లబడిపోయింది!"

పొద్దున్నే కోడలు పెట్టిన కేకకి అత్తగారు కడుగుతున్న గిన్నెలు వదిలేసి వచ్చింది. రెండేళ్ళ మనవరాలి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"వెచ్చగానే ఉందిగా! నీకు భయం ఉగ్గుపాలతో పోసినట్టున్నారే."

"నీళ్ళలో నానిన చెయ్యి మీది. దానికి అన్నీ వెచ్చగానే తగుల్తాయి" అంది కోడలు.

ఆ కంగారు ఊరికే వచ్చింది కాదు. దీవిలో ఇంటికొకరు డెంగీతో మంచమెక్కారు. మొన్న ఇంటింటికీ తిరిగిన నర్సు గట్టిగా చెప్పి వెళ్ళింది: "జ్వరం దిగిందని సంబరపడకండి. దిగాక ఒళ్ళు చల్లబడితేనే ప్రమాదం. పరుగున రండి."

పిల్ల ఒళ్ళు రెండు రోజులు కాస్త వెచ్చగా ఉంది. ఇవాళ చూస్తే మంచుముద్ద.

ఆసుపత్రి దీవికి అవతలి కొసన ఉంది. కోడలు పిల్లని చంకనేసుకుని పడవెక్కింది. కాఫీ కూడా తాగలేదు. బెంగతో నోరంతా చేదు. నీళ్ళ మీది ఎండ కళ్ళలో గుచ్చుకుంటోంది. పదిసార్లు పిల్ల నుదురు తాకింది. పదిసార్లూ గుండె జారింది. పిల్ల మాత్రం అమ్మ జడ లాగుతూ, ఎగిరే ప్రతి పిట్టనీ "కాకీ!" అని పిలుస్తోంది.

"ఇంత హుషారు పిల్లకి జబ్బేంటమ్మా?" అన్నాడు పడవాయన.

'ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ' అనబోయి నాలిక కరుచుకుంది.

ఒడ్డున దిగేసరికి భయంతో మోకాళ్ళు నిలవలేదు. పిల్లని మోసి మోసి నడుము విరిగిపోతోంది. అయినా దింపలేదు.

ఆసుపత్రిలో ఆ నర్సే ఉంది. థర్మామీటరు పెట్టింది, పొట్ట నొక్కింది, వేలికొస నుంచి రక్తం తీసింది. పిల్ల ఆరున్నొక్క రాగం అందుకుంది.

కాసేపటికి నర్సు నవ్వుతూ వచ్చింది.

"డెంగీ లేదు, జ్వరమూ లేదు. దవడపళ్ళు వస్తున్నాయి, అంతే."

"మరి ఇంత చల్లగా ఎందుకుంది సిస్టరుగారూ? మీరే చూడండి!"

కోడలు నర్సు చెయ్యి పట్టి లాగి పిల్ల నుదుటి మీద పెట్టబోయింది.

నర్సు నవ్వు ఆగిపోయింది. పిల్లని గబుక్కున తన చంకలోకి తీసుకుని, పక్కనున్న మంచం చూపించింది.

"పిల్ల చల్లగా లేదు తల్లీ, నీ చెయ్యే కాలిపోతోంది."