జాబితాలో ఉన్న నంబరు

కంపెనీ ఇంజనీరు సంచి సర్దుతున్నాడు. పనిముట్లు, డ్రైవరు ఉన్న డిస్కు, ఆఖరికి కంటి కెమెరాకు తగిలించి ఉన్న నీలం తీగ కూడా చుట్టి లోపల పెట్టాడు.

"తీగ కూడానా అన్నయ్యా? గోడలకు వేసిన సున్నం గీక్కుపోతావా?" అంది ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఆమె.

"తీగ మాదే, డ్రైవరూ మాదే. అది లేకపోతే మీ కెమెరా చెప్పేది కంప్యూటరుకు అర్థం కాదు. పాతదానికి ఇక డ్రైవరు ఇవ్వం, కొత్త కెమెరా కొనుక్కోండని మావాళ్ళు రాశారుగా."

బయట బల్ల మీద దర్జీ ఆవిడ కంట్లో చుక్కలు వేయించుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఈ పూట కంటి లోపలి ఫొటో రాకపోతే రేపు ఆమెకు ఆపరేషన్ లేదు.

"కొనం. అన్ని కెమెరాలకీ పనికొచ్చే మామూలు డ్రైవరు ఇంటర్నెట్లో ఉంది, ఎవరైనా దాన్ని సరిదిద్దొచ్చు. అది వేస్తాను."

"వెయ్యి. మీ కెమెరాను గుర్తే పట్టదు."

"ఎందుకు పట్టదు? లోపలున్నది అందరూ వాడే చిప్పే. మీరు దాని గుర్తింపు నంబరు మార్చి ముసుగేశారు. ఆ నంబరు, డ్రైవరు గుర్తుపట్టే కెమెరాల జాబితాలో నేనే రాసుకుంటాను."

"వేగం రాదు."

"నడిస్తే చాలు మాకు."

"సాయంత్రానికి నువ్వే ఫోన్ చేస్తావు, చెల్లెమ్మా."

"చచ్చినా చేయను."

అతను సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "వేసేదేదో ఇవాళ్టిది వెయ్యి. నిన్నటిది వేసి నన్ను తిట్టకు."

ఆమె తల తిప్పుకుంది.

అతను వెళ్ళగానే సొరుగులోంచి వేరే తీగ తీసి తగిలించింది. మామూలు డ్రైవరు ఇంటర్నెట్ నుంచి తాజాగా దించి వేసింది. నంబరు రాయబోతుండగా తెర మీద ఎదురుగోడ కనిపించింది. చెయ్యి ఊపితే చెయ్యి కదిలింది, ఎక్కడా ఆగకుండా, పూర్తి వేగంతో.

దర్జీ ఆవిడను పిలిచి రెండు కళ్ళూ ఫొటో తీశాకగానీ ఆమె జాబితా తెరవలేదు. నంబరు అప్పటికే అక్కడుంది. చేర్చింది ఆ రోజు తెల్లవారుజామున. చేర్చినవారి పేరు చూసి కుర్చీలో వెనక్కి వాలింది.

సాయంత్రం ఆమే ఫోన్ చేసింది. ఎత్తింది కంపెనీలో వేరెవరో.

సంచీ, రాజీనామా కాగితమూ మధ్యాహ్నమే ఆఫీసు బల్ల మీద పెట్టి వెళ్ళిన ఆ ఇంజనీరు, ఆ రోజు తర్వాత కంపెనీకి మళ్ళీ రాలేదు.