గోరువెచ్చని నురగ

“మీ ఆయన కాపలా కాస్తూ నిద్దరోతన్నాడు గానీ, ఆ తొట్టికి మాత్రం నిద్దర లేదే” అందట పక్కింటి సింహాచలమ్మ. రాత్రిళ్లు ఎవరో అందులో పాలు పోస్తున్న చప్పుడు విన్నదట. భార్య విజయశ్రీ ఆ మాట చెబితే నవ్వే ఓపిక కూడా లేకపోయింది లోకనాథానికి.

రంగూన్ శివార్లలో, ఇన్సేన్‌లో అతను కాపలా కాసే పాల ఫ్యాక్టరీ మూతబడి రెండు నెలలైంది. పాల క్యాన్లు కడిగిన నీళ్లు ఫ్యాక్టరీ వెనకున్న తొట్టిలో మురిగితే గ్యాసు పుడుతుంది. అతని ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే. కడుగునీళ్లు ఆగాక గ్యాసూ ఆగిపోవాలి. ఆగలేదు సరికదా, గ్యాసు పోకుండా తొట్టి మీద కప్పిన రబ్బరు గుడ్డ రోజురోజుకీ ఇంకా ఉబ్బుతోంది.

ఆ రాత్రి కరెంటు లేదు. కుర్చీలో కునుకు పట్టబోతుంటే బిందె వొంపుతున్నట్టు గుబగుబమని వినిపించింది. కాళ్లీడ్చుకుంటూ టార్చితో వెళ్లాడు. తొట్టిలోకి నీళ్లు పోసే గుంట మూతకు వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి అతని మొలతాడుకే ఉంది. తాళం తీసి మూత ఎత్తాడు. లోపలి గోడ మీద తెల్లటి నురగ మెల్లగా జారుతోంది. వేలితో తాకాడు. అప్పుడే పితికిన పాలలా గోరువెచ్చగా ఉంది.

ఇంటికెళ్లి విజయశ్రీని లేపాడు.

“రేపట్నించి ఆ పొయ్యి ముట్టించకు.”

“ఏటి, ఎందుకని?”

“తొట్టిలో ఎవులో పోస్తన్నారే. పాల నురగ నా కళ్లతో చూసినాను.”

అప్పుడే తొట్టి వైపు నుంచి మళ్లీ గుబగుబమంది. ఇద్దరూ విన్నారు. విజయశ్రీ దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకుంది.

“పొయ్యనీ. పొద్దున పిల్లలికి గంజి కాయాల.”