లోతు అక్కర్లేని మొక్క

“అది వద్దు. దానికి లోతుగా తవ్వాలి,” అన్నాడు వడ్రంగి, భార్య చేతిలోని హైడ్రేంజియా పూలకుండీ తీసుకుని మళ్లీ వరసలో పెట్టేస్తూ.

ఆ నర్సరీలో ఆయన కాదన్న నాలుగో మొక్క అది. ఆమెకు ఒళ్లు మండింది. కుట్టుమిషను ముందు కూర్చుంటే కిటికీలోంచి ఆమెకు కనిపించేవి పెరట్లోని రెండు పైన్ చెట్లు, వాటి కింద గడ్డిపోచైనా మొలవని నేల. ఇరవై రెండేళ్లుగా అదే బోడి నేల. అక్కడ ఏదైనా వేద్దామంటే చాలు, నీడ అనేవాడు, వేర్లు అనేవాడు, రాలిన ఆకులతో మట్టికి పులుపెక్కిందనేవాడు. ఇంకే విషయంలోనూ ఆమె మాటకు ఎదురు చెప్పని మనిషి, అక్కడ మాత్రం మొండికేసేవాడు.

నర్సరీ ముసలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నీడలో బతికేవి బోలెడున్నాయని, ఫెర్న్ మొక్కకైతే జానెడు గుంట చాలని సర్దిచెప్పబోయాడు.

“జానెడు కూడా వద్దండీ. పైపైన పాకేది ఏదైనా ఉంటే చూడండి,” అన్నాడు వడ్రంగి.

పని తప్పించుకోవడానికే అనుకుందామె. ఆయన ఎంచిన తీగతోపాటు, ఆయన చూడకుండా ఒక ఫెర్న్ కూడా సంచిలో వేయించుకుంది.

మర్నాడు ఆయన పనికి వెళ్లగానే పార పట్టుకుని పెరట్లోకి నడిచింది. రెండు చెట్ల నడుమ, కిటికీకి ఎదురుగా, వేర్లు అడ్డం రాని చోటు ఒకటి దొరికింది. పార సుళువుగానే దిగింది. పులుపెక్కిన మట్టి తీసేద్దామని మోకాలి లోతు తవ్వేసరికి వెనక పరుగు చప్పుడు. మరిచిపోయిన కొలత టేపు కోసం వెనక్కొచ్చిన భర్త, పార లాక్కుని అవతలికి విసిరేశాడు. మోకాళ్ల మీద కూలబడి, తవ్విన మట్టినంతా రెండు చేతులతో గుంటలోకి నెట్టేశాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన గొంతు పెంచడం కూడా ఆమె ఎరగదు.

“ఏముందండీ ఇక్కడ?”

ఆయన తలెత్తలేదు. “కాన్పప్పుడు నీకు వారం రోజులు తెలివి లేదు. కళ్లు తెరిచి అడిగితే, పాప దక్కలేదని, మిగతాదంతా ఆసుపత్రి వాళ్లే చూసుకున్నారని చెప్పాను.”

ఆమె చేయి దానంతటదే చెట్టు బెరడును పట్టుకుంది.

“వాళ్ల చేతుల్లో పెట్టబుద్ధి కాలేదు,” అన్నాడు, మట్టిని ఇంకా అరచేత్తో సర్దుతూనే.

“పాపను నేనే ఇంటికి తెచ్చాను.”