మలుపులో ఎర్రగుడ్డ

మూడో మలుపులోనూ అతనే ఉన్నాడు.

పాత స్కూటరు పక్కన నిలబడి, ఎర్రగుడ్డ ఊపుతూ "రా, రా" అని పిలుస్తున్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది.

మొదటి మలుపులో ఎదురొచ్చే బండ్లు కనబడటానికి స్తంభానికి పెట్టిన గుండ్రటి అద్దంలోకి తొంగి చూస్తూ కనిపించాడు. ఆ అద్దంలో ఆమెకు కనబడింది తన బండీ, తనూ. ఎవరో పెద్దాయన, పోనీలే అనుకుంది. రెండో మలుపులో గుడ్డ ఊపాడు. చూడనట్టే దాటిపోయింది. ఇంటికి ఫోను చేద్దామని ఆగినప్పుడల్లా డుబుడుబుమంటూ ఆమెను దాటి వెళ్ళడం, పై మలుపులో కాపు కాయడం.

ఆడది ఒంటరిగా బండెక్కితే చాలు, ముసలీ ముతకా అని లేదు, వెంటపడతారు.

బిడ్డ పుట్టాక ఆమె బండి బయటికి తీయడం ఇదే మొదలు. పాలు మాన్పించగానే, "ఒక్కరోజు ఆ కొండల్లో తిరిగి రావే. ఇల్లు ఎక్కడికీ పోదు" అని తాళాలు చేతిలో పెట్టింది అత్తగారే.

వచ్చిందన్న మాటేగానీ ప్రాణమంతా ఇంట్లోనే ఉంది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నాడు?"

"ఇందాక ఏం చేశాడో అదే. నా కళ్ళజోడు నాకుతున్నాడు."

"ఏడ్చాడా?"

"వాడు ఏడవలేదు. నువ్విలా గడియకోసారి ఫోను చేస్తే నేనేడుస్తా. కొండలు చూడు తల్లీ, మా మొహాలు రేపు చూడొచ్చు."

నవ్వొచ్చింది. కానీ తనకేమైనా అయితే వాడి గతేమిటన్న భయం వెనక సీట్లో కూర్చుని వస్తూనే ఉంది. లోయలో ఏరు, ఎవరో ఆరేసి మరిచిపోయిన చీరలా వంకర్లు తిరిగి ఉంది. అదీ ఆమె కంటికి ఆనలేదు.

ఇప్పుడు ఎదురుగా ఈ మనిషి.

బండి ఆపి దిగింది.

"ఏమిటండీ మీ గోల? ఎవర్ని రమ్మంటున్నారు?"

అతను కంగారుపడ్డాడు. "నిన్నే తల్లీ. దారి..."

"తల్లట, తల్లి! ఈ వయసులో సిగ్గులేదూ? అద్దాల్లో చూడటం, గుడ్డలూపడం!"

"అది కాదమ్మా. పై మలుపు మంచిది కాదు. నేను ముందు వెళ్తా, నువ్వు నా వెనకాలే..."

"నీ వెనకాల రావాలా నేను?"

ఆమె చెయ్యి స్కూటరు మీదికి వెళ్ళింది. తాళంచెవి ఊడబీకి, పిట్టగోడ మీదుగా లోయలోకి విసిరేసింది.

"ఇప్పుడు పడు వెంట. చూస్తాను."

అతను తిట్లు తిని తిని అలవాటైనవాడిలా తల వంచుకున్నాడు. ఆమె బండి కదిలాక మాత్రం వెనకనుంచి అరిచాడు.

"హారన్ కొట్టుకుంటూ వెళ్ళమ్మా!"

నువ్వు చెబితే కొట్టాలా అనుకుంది. కొట్టలేదు.

రాత్రికి మొగుడికి ఈ సంగతి ఎలా చెప్పాలో మాటలు పేర్చుకుంటూ పై మలుపు చేరింది. అక్కడ పొగమంచు. స్తంభానికి అద్దం లేదు, ఉత్త చట్రం వేలాడుతోంది.

మంచులోంచి లారీ ముక్కు మీదికొచ్చింది.

బ్రేకులు కీచుమన్నాయి. ఆమె హ్యాండిల్ కొండవైపు తిప్పేసింది. బండీ ఆమే కాలవలో పడ్డారు. లారీ బంపరు వెనక చక్రాన్ని రాసుకుని ఆగింది.

డ్రైవరు కిందికి దూకాడు. ఆమెను పట్టి లేపాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే.

"తాత లేడేంటమ్మా?" అన్నాడు.

"ఏ తాత?"

"ఎర్రగుడ్డ తాత! కింద మలుపుల్లో అద్దాలన్నీ తుడిచేది ఆయనే. ఇక్కడి అద్దం పగిలిపోయాక ఆయనే మాకు అద్దం. గుడ్డ ఊపితే రావాలి, పైకెత్తి పట్టుకుంటే ఆగాలి. ఆయన ఆపలేదు గదా, దారి ఖాళీ అనుకుని వచ్చేశా."

ఆమె వెనక్కి తిరిగి కిందికి చూసింది.

కింది నుంచి అడుగుల చప్పుడు. ముసలాయన రొప్పుతూ పరిగెత్తుకొస్తున్నాడు. చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయినట్టుంది.

"దెబ్బలేం తగల్లేదు కదా తల్లీ?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"స్కూటరేది తాతా?" డ్రైవరు గద్దించాడు. "ఇంకాస్తయితే ఈవిడ ప్రాణం పోయేది!"

ఆమె కళ్ళు నేలకు దిగిపోయాయి.

"మొరాయించిందిరా అబ్బాయ్," అన్నాడు ముసలాయన. "నడిచొచ్చేసరికి ఆలస్యమైంది. తప్పు నాదే."

ఇద్దరూ కలిసి ఆమె బండిని రోడ్డు మీదికి లాగారు. అది ఒక్క తన్నుకే స్టార్టయింది. ముసలాయన కుంటుకుంటూ మలుపు కొసకు వెళ్ళాడు. అటు చూసి, ఇటు చూసి, ఆమె వైపు తిరిగి గుడ్డ ఊపాడు.

రా, రా.

క్షమించమని అడుగుదామంటే ఆయన అప్పటికే మలుపు కొసన ఉన్నాడు. గీరుకుపోయిన చెయ్యి కాదు, ఆ తాళంచెవి విసిరిన చెయ్యి మండుతోంది.

"ఆయన... రోడ్డు పని చేసే మనిషా?" డ్రైవర్ని మెల్లగా అడిగింది.

"కాదమ్మా. ఆయన్నెవరూ పెట్టలేదు."

డ్రైవరు గొంతు తగ్గించాడు.

"ఈ మలుపులోనే, నీలాగే బండి మీద వస్తున్న ఒక తల్లీ, ఒళ్ళో బిడ్డా లారీ కింద పడిపోయారు. డ్రైవరు తప్పేం లేదని కోర్టు అంది. ఆ లారీ నడిపిన ఈయనే ఒప్పుకోలేదు."