గదిలో ఎవరూ లేరు

“గదిలో ఎవరైనా ఉన్నారా అని సార్ అడిగితే ఎవరూ లేరని చెప్పు,” అంటూ తండ్రి పొట్ట బిగబట్టి బీరువాకూ గోడకూ మధ్య సందులోకి దూరాడు.

బీరువాకు ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్న కూతురు, లాప్‌టాప్ మూత తెరవబోతూ ఆగింది.

“అబద్ధం చెప్పమంటున్నారా నాన్నా?”

“అబద్ధమెందుకవుతుంది? నేను గదిలో ఉన్నానా? సందులో ఉన్నాను.”

“నాకు వచ్చు. మీరు బయట కూర్చోండి.”

“కిందటిసారీ వచ్చనే అన్నావు.”

ఇంట్లో కూర్చుని ఆమె పదో తరగతి చదివే ఆ క్రైస్తవ ఆన్‌లైన్ పాఠశాలలో లెక్కలు తప్పితే ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు. బైబిలు మౌఖిక పరీక్ష రెండోసారి తప్పితే మాత్రం పై తరగతికి పంపరు. కిందటిసారి పది ఆజ్ఞల్లో చివరి రెండూ, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పవద్దన్నదీ, పొరుగువాడి ఇల్లు ఆశించవద్దన్నదీ, పొరుగువాడితోనే మొదలయ్యేసరికి, ఆమె ఒక పొరుగువాణ్ణి పట్టుకుని ఇంకో పొరుగువాడి ఇంట్లోకి వెళ్ళిపోయింది. సంఘ పెద్ద కూతురు ఆజ్ఞల్లోనే తప్పిందట అన్న కబురు, ఆదివారం ఆరాధన మొదలవకముందే చర్చి మెట్ల దాకా వచ్చింది. ఆ రోజు కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరుగుతుంటే, అందరూ అందులో ఇంత జాలి వేసి పంపుతున్నట్టే అనిపించింది సంఘ పెద్ద అయిన ఆ తండ్రికి.

అందుకే ఇవాళ తన కళ్ళద్దాల కొట్టు తెరవలేదు. కొట్లో చూపు పరీక్షకు గోడకు తగిలించే అట్ట ఉంటుందే, అలాంటి అట్టమీదే ఆజ్ఞలన్నీ లావుపాటి నల్లటి అక్షరాలతో రాసి చంకలో పెట్టుకున్నాడు.

గుమ్మంలో భార్య చీపురుతో నిలబడి ఇదంతా చూస్తోంది. “బీరువా చాటున నక్కితే దేవుడికి కనబడరా ఏమిటండీ?”

“దేవుడికి కనబడితే నేను చెప్పుకుంటాను. సార్‌కి కనబడకూడదు. ముందు నువ్వా తలుపు వెయ్యి.”

ఆమె తలుపు వేసింది, అవసరమైన దానికంటే కాస్త గట్టిగా.

తెరమీద సార్ ముఖం వచ్చింది. నెరిసిన గడ్డం, మెత్తని గొంతు.

“భయపడకు. కెమెరా ఒకసారి గదంతా తిప్పి చూపించమ్మా.”

కూతురు లాప్‌టాప్ ఎత్తి నెమ్మదిగా తిప్పింది. మంచం, కిటికీ, పుస్తకాల అర, బీరువా. సందులో తండ్రి ఊపిరి బిగబట్టాడు.

“గదిలో ఎవరైనా ఉన్నారా తల్లీ?”

తండ్రి సందులోంచి కూతురి ముఖం చూశాడు. అబద్ధం ఆడలేని పిల్ల ఇది. చిన్నప్పుడు పంచదార దొంగతనంగా తిని, అడగకముందే నోరు తెరిచి చూపించిన రకం. ఇప్పుడు ముఖం ఎర్రబడుతుంది, మాట తడబడుతుంది, అంతా బయటపడుతుంది.

“ఎవరూ లేరు సార్.”

తడబాటు లేదు. రెప్పయినా వెయ్యలేదు. అంత నున్నగా పలికింది తన కూతురేనా అని ఆయన నిర్ఘాంతపోయాడు. మంచిదేగా, తను చెప్పిందే కదా చేసింది అని మనసుకు సర్దిచెప్పబోయాడు గాని, మనసు అంత తేలిగ్గా సర్దుకోలేదు.

సార్ ప్రశ్నలు మొదలుపెట్టాడు. విశ్రాంతి దినం గురించి అడగగానే తండ్రి కాస్త బయటికి జరిగి, అట్ట ఎత్తి వేలితో ఆ వరస చూపించాడు. అది చాలదన్నట్టు చెంపకింద చెయ్యి పెట్టుకుని నిద్ర నటించాడు. కూతురు అటు చూడనే లేదు. కెమెరాలోకి చూస్తూ గడగడా చెప్పేసింది. దొంగతనం గురించి అడిగితే ఆయన తన జేబులో తనే చెయ్యి పెట్టుకుని దొంగచూపులు చూశాడు. ఆమె అదీ చూడలేదు.

“ఇక పొరుగువాడి సంగతి చూద్దామా? కిందటిసారి మనం అక్కడే కదా దారి తప్పాం,” అని సార్ నవ్వాడు.

తండ్రి అట్టను రెండు చేతులా పట్టుకుని నెత్తిమీదికి ఎత్తాడు. కూతురు కళ్ళు మూసుకుంది. ముందు అబద్ధ సాక్ష్యం, ఆ తర్వాత పొరుగువాడి ఇల్లు, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పి కళ్ళు తెరిచింది.

అట్ట పట్టుకున్న చేతులు మెల్లగా కిందికి దిగాయి. పిల్లకు నిజంగానే వచ్చు.

“భేష్. పాసయ్యావు తల్లీ,” అన్నాడు సార్. “వెళ్ళేముందు ఒక్క మాట. దీనికి మార్కులు లేవు, ఇది పుస్తకంలోనూ లేదు. ఈ ఆజ్ఞలన్నిటిలో ఇవాళ నీకు పాటించడం కష్టమనిపిస్తున్నది ఏది?”

కూతురు మొదటిసారి తండ్రి వైపు చూసింది.

ఏం చెప్పబోతోందో ఆయనకు తెలిసిపోయింది. అబద్ధ సాక్ష్యం అంటుంది. ఎందుకమ్మా అని అడుగుతాడు సార్. ఆ తర్వాత పాసూ లేదు, పెద్దరికమూ లేదు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అట్టను చంకలో ఇరికించుకుని, ప్రార్థనలో తప్ప ఎవరి ముందూ జోడించని చేతులు కూతురికి జోడించాడు.

ఆ చేతుల వంక ఆమె కాసేపు చూసింది. తర్వాత తెరవైపు తిరిగింది.

“తండ్రిని గౌరవించమన్నది, సార్.”