నల్ల ప్యాంటు, మెరూన్ బూట్లు

“మొహం చూపించలేనండి. కాళ్లు చూసి చెప్పండి” అన్నాడు మార్చురీ అటెండరు.

తమ్ముడు సరేనని తలూపాడు. వెనకే వదిన గోడకి చేరగిలబడి నిలబడింది.

పొద్దున ఎనిమిదిన్నర బస్సు, ఆగి ఉన్న లారీ కిందికి దూసుకుపోయింది. దెబ్బలు తగిలిన పన్నెండుమందిని ఊరవతల పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ముందు సీట్లో కూర్చున్న ఒకాయనని మాత్రం ఇక్కడికి తెచ్చారు. జేబుల్లో ఏమీ దొరకలేదు. అన్నయ్య రోజూ ఎక్కేది ఆ బస్సే. ఇవాళ పనిలోకి రాలేదని ఆయన షాపువాళ్లే ఫోన్ చేసి చెప్పారు. ఆయన ఫోను మోగడం లేదు.

“పొద్దున ఏం వేసుకెళ్లారమ్మా?” అని అడిగాడు కానిస్టేబులు, చేతిలో కాగితం పట్టుకుని.

తెలియదన్నట్టు వదిన తల అడ్డంగా ఊపింది. ఆమెకెలా తెలుస్తుంది? తమ్ముడి చంటిపిల్లకి జ్వరం వస్తే, భార్య ఒక్కతే బెంబేలు పడుతోందని అతనే వదినని రమ్మన్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచీ ఆమె వాళ్లింట్లోనే ఉంది.

అటెండరు దుప్పటిని మోకాళ్ల దాకా మడిచాడు.

మెరూన్ బూట్లు.

తమ్ముడి గుండె జారిపోయింది. అచ్చం అలాంటి జతే అన్నయ్యకి ఉంది. అదే కుట్టు, ఇంచుమించు అదే సైజు. షాపులో వారానికి పది జతలు పోయే రకమే అది.

తర్వాత చూపు ప్యాంటు మీద పడింది. నల్లది. అనుమానం లేని నలుపు.

పోయిన ప్రాణం లేచొచ్చింది.

అన్నయ్య నల్ల ప్యాంటు కింద మెరూన్ బూట్లు వేయడం జరగని పని. మగవాళ్ల బట్టల షాపులో పద్దెనిమిదేళ్లుగా ఆయన ఉద్యోగమే అది, సూటుకి తగ్గ బూట్లు చెప్పడం. పెళ్లికొడుకులూ, ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లూ ఆయన కోసం వెతుక్కుంటూ వచ్చేవారు. తోటివాళ్లు మ్యాచింగ్ మాస్టారు అనేవారు. ప్యాంటుకి వేలాడే చీటీ తిప్పి చదివితే గానీ ఆయన నోరు విప్పేవాడు కాదు. అంత జాగ్రత్త. చదివాక మాత్రం బూట్ల వైపు తల కూడా తిప్పకుండా, “మూడో అర, ఎడమ నుంచి రెండో జత తీయండి” అనేవాడు. కొనడానికొచ్చినవాళ్లు నోరు వెళ్లబెట్టేవారు.

తమ్ముడి మొదటి ఇంటర్వ్యూ రోజున గుమ్మం దాటుతుంటే అన్నయ్య ఆపి, ఎదురుగా నిలబెట్టాడు.

“ప్యాంటు ఏ రంగురా?”

“నలుపు.”

“బూట్లు?”

“మెరూన్.”

“నల్ల ప్యాంటుకి నల్ల బూట్లే. బూడిద రంగుకైతే నలుపో, మెరూనో. నేవీ బ్లూకి ముదురు గోధుమ. మనిషిని తలుపు దగ్గరే తూకం వేస్తార్రా. వెళ్లి మార్చుకో.”

ఎక్కాలు ఒప్పజెప్పించుకునే మాస్టారిలా ఒక్కోటీ తన నోటే చెప్పించాడని తమ్ముడికి ఆ రోజు ఒళ్లు మండింది. విసుక్కుంటూనే మార్చుకున్నాడు. ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

“కాదండీ. ఈయన మా అన్నయ్య కాదు” అన్నాడు ఇప్పుడు.

“బూట్లు చూసే చెబుతున్నారా?” అన్నాడు కానిస్టేబులు.

“బూట్లు ఒక్కటే అయితే చెప్పలేకపోయేవాణ్నండి. ప్యాంటుతో కలిపి చూసి చెబుతున్నాను. మా అన్నయ్య చచ్చినా ఇలా వేసుకోడు.”

అనేశాక నాలిక కరుచుకున్నాడు. అటెండరు నవ్వలేదు. ఆ గదిలో ఇలాంటివి చాలానే విని ఉంటాడు.

కానిస్టేబులు కాగితం మీద ‘మా మనిషి కాదు’ అని రాసి, ఇద్దరినీ సంతకాలు పెట్టమన్నాడు. తమ్ముడు గబగబా పెట్టేశాడు. పెట్టి, పక్కకెళ్లి ఇంటావిడకి ఫోన్ చేశాడు. కాదు, అన్నయ్య కాదు అని రెండుసార్లు చెప్పాడు. అవతల ఆమె ఏడ్చేసింది. ఇంకెవరింట్లోనో ఈ ఏడుపు మొదలవబోతోందని గుర్తొచ్చి అతనికి కాస్త సిగ్గేసింది. కానీ నిలవనీయని సంతోషం.

“పద వదినా, పెద్దాసుపత్రికి వెళ్దాం. అక్కడే ఉంటాడు. చెయ్యో కాలో కట్టించుకుని, మనమింకా రాలేదని అందరి మీదా చిందులు తొక్కుతుంటాడు.”

తిరిగి చూశాడు.

వదిన గోడ దగ్గర లేదు. బల్ల చివర, ఆ కాళ్ల దగ్గర వంగి ఉంది. బొటనవేలితో ఎడమ బూటు ముక్కు మీది దుమ్ము తుడుస్తోంది. అదయ్యాక కుడిది. తొందర లేదు.

కానిస్టేబులు ఆమె వైపు కలం చాపాడు. ఆమె అందుకోలేదు.

“వదినా, మనవాడు కాదు. నువ్వే చూడు, నల్ల ప్యాంటు, మెరూన్ బూట్లు.”

ఆమె తలెత్తలేదు.

“మీ అన్నయ్యకి మెరూనూ నలుపూ ఒకలాగే కనిపిస్తాయి బాబూ, మా పెళ్లైన నాటి నుంచీ రోజూ పొద్దున్నే బూట్లు తీసి గుమ్మం దగ్గర పెట్టేది నేను.”